రుజువు అడగని చర్చ కావాలి
(కార్వేటినగరంలో సర్వమత సామరస్య సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మతం, జాతీయత, రాజకీయ సంవాదం అనే మూడు పెద్ద మాటలను నాకు అప్పగించారు. ఉద్యోగ జీవితమంతా దస్త్రాల నడుమ గడిపినవాణ్ణి. కనుక సిద్ధాంతాలను విద్వాంసులకు విడిచిపెట్టి, మన నేలపై జరిగిన ఒక ఉదంతంతో ప్రారంభిస్తాను.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లా ఆంధ్రకు వచ్చింది. దానితోపాటు తిరుత్తణి, మనకు పొరుగునే ఉన్న పళ్లిపట్టు ప్రాంతం కూడా వచ్చాయి. అక్కడ తమిళులు అధికం. తమిళ పక్షాన మ.పొ. శివజ్ఞానం వంటి నాయకులు ఉద్యమించారు. ఊరేగింపులు సాగాయి, అరెస్టులు జరిగాయి, ఇరువైపులా ఆవేశం పెల్లుబికింది. అయినా చివరకు ఆ తగవు ఒక బల్ల మీదకు చేరింది. మధ్యవర్తిగా వచ్చిన హెచ్.వి. పటాస్కర్ గ్రామాన్ని యూనిట్‌గా తీసుకున్నారు. అక్కడ ఏ భాష వారు అధికం, ఆ గ్రామం ఏ వైపు ఆనుకొని ఉంది అన్న అంశాలను ఆధారం చేసుకున్నారు. 1959లో పార్లమెంటు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. చెంగల్పట్టు జిల్లా నుండి సత్యవేడు ప్రాంతం మనకు వచ్చింది. ఎవరికీ పూర్తి తృప్తి కలగలేదు. కానీ మన మార్కెట్లలో తమిళం, తెలుగు కలిసే వినిపిస్తున్నాయి. తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి ఆడికృత్తికకు ఇక్కడి నుండి కావళ్లు వెళుతూనే ఉన్నాయి.

ఈ కథలో నన్ను ఆకర్షించిన అంశం ఒకటుంది. ఆ సూత్రంలో జనాభా లెక్క ఉంది, గ్రామపు హద్దు ఉంది. దేశభక్తి అన్న గడి మాత్రం లేదు. తమిళం మాట్లాడేవాడు మొదట తన భారతీయతను నిరూపించుకుని, ఆ తరువాత తన గ్రామం గురించి మాట్లాడాలని ఎవరూ నియమం పెట్టలేదు. మార్చి 31న ఆంధ్రుడిగా నిద్రపోయి మరునాడు మద్రాసు రాష్ట్రవాసిగా మేల్కొన్న తిరుత్తణి ముస్లిం కూడా తన పొరుగువారివలెనే భారతీయుడుగా నిద్రపోయాడు, భారతీయుడుగానే లేచాడు.

"భాష వేరు, మతం వేరు, దేశం చీలింది మతం పేరనే కదా" అని కొందరు మిత్రులు అంటారు. కాదనను. అయితే ఆ చీలిక గాయం ఇంకా పచ్చిగా ఉన్న 1949 మే నెలలో రాజ్యాంగ సభ ఏమి చేసిందో చూడండి. మైనారిటీలకు చట్టసభలలో ప్రత్యేక స్థానాలు ఉండాలా అన్న ప్రశ్న చర్చకు వచ్చింది. మద్రాసు నుండి వచ్చిన మహమ్మద్ ఇస్మాయిల్ సాహెబ్ ప్రత్యేక నియోజకవర్గాలు కావాలని సవరణ పెట్టారు. బేగం ఐజాజ్ రసూల్ దానికి విరుద్ధంగా, రిజర్వుడు స్థానాలే వద్దన్నారు. ఇద్దరూ ముస్లింలే! సర్దార్ పటేల్ సమాధానం కఠినంగానే సాగింది. సవరణ వీగిపోయింది. మన తిరుచానూరులో జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ కూడా ఆ సభలో సభ్యులే. ఓడిపోయిన ఇస్మాయిల్ సాహెబ్ అలిగి రాజకీయాలు మానుకోలేదు, ఆయనను ఎవరూ వెలివేయలేదు. తరువాత రాజ్యసభలో కూర్చున్నారు, లోక్‌సభకు మూడుసార్లు ఎన్నికయ్యారు. ఆయన వాదనతో నేను ఏకీభవించను. కానీ ఆ వాదన వినిపించే హక్కు ఆయనకు ఉండటం, దానిని అంతా కూర్చుని వినడం, అదే రాజకీయ సంవాదమంటే.

మరి నేడు మనకు మిగిలిన సంవాదం ఏది? వినాయక చవితికో, మీలాదున్నబీకో ముందు పోలీసు స్టేషనులో జరిగే శాంతి సంఘ సమావేశం. రెండు పక్షాల పెద్దలను పిలుస్తారు, ఊరేగింపు మార్గం చెబుతారు, టీ ఇస్తారు, సంతకాలు తీసుకుంటారు. గొడవ జరుగుతుందన్న అనుమానం ఉన్నప్పుడే మనం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నామన్నమాట. ఇక ఎన్నికల ముందు ఇఫ్తారు విందులున్నాయి. నాయకుడు టోపీ పెట్టుకుని ఖర్జూరం నోట వేసుకుంటాడు, ఫోటో దిగుతాడు. మనవారు దానినే గౌరవమనుకుని మురిసిపోతారు. ఈ మాట మనవారికి రుచించకపోవచ్చు. విందు ఇచ్చినవాణ్ణి విన్నపం అడగలేని మొహమాటం మనలో ఉన్నంతకాలం తప్పు ఒక్క ఎదుటివారిది మాత్రమే కాదు.

మాట్లాడుకోవలసిన విషయాలు లేవా? ఒకటి చెబుతాను. 2025లో వక్ఫ్ సవరణ చట్టం వచ్చింది. చిరకాల వినియోగం చేత ఏర్పడే వక్ఫ్‌ను ఇకముందు గుర్తించరాదని అది చెబుతున్నది. ఆ ఏడాది సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కొన్ని అంశాలను నిలిపివేసింది. అయిదేళ్లు ఇస్లాంను ఆచరిస్తేనే వక్ఫ్ చేయవచ్చన్న నిబంధన, ఆస్తి ప్రభుత్వానిదా కాదా అని అధికారే తేల్చే ఏర్పాటు వాటిలో ముఖ్యమైనవి. రిజిస్ట్రేషను నిబంధనను మాత్రం ఆపలేదు. పల్లెల్లోని ఖబరస్తానుకు, ఈద్గాకు దస్తావేజు ఎక్కడిది? తాతల నాటి నుండి అక్కడే మట్టి చేస్తున్నారన్నదే దస్తావేజు. అడంగల్‌లో చూస్తే అనేక చోట్ల "పోరంబోకు" అని ఉంటుంది. కాగితం వరకు అది ఎవరిదీ కాదు.

అయితే ఆ స్థలం ఏమిటో సరిగ్గా తెలిసినవాడు ఒకడున్నాడు. హద్దుదారుడైన హిందూ రైతు. తన మడిని ఆనుకొని ఉన్న గోరీలను అతడు చిన్ననాటి నుండి చూస్తున్నాడు. సర్వేయరు వచ్చిన రోజున అతడు వచ్చి నిజం చెబితే వంద ఉపన్యాసాలు చేయలేని మేలు జరుగుతుంది. అదేవిధంగా గ్రామదేవత గుడి మాన్యం విషయంలోనో, క్రైస్తవుల శ్మశానం విషయంలోనో వివాదం వస్తే మనవారు వెళ్లి సాక్ష్యం చెప్పాలి. మనకు ఇష్టమైనచోట సాక్షి కావాలని, ఇతరులకు అవసరమైనచోట తలుపు వేసుకుంటే కుదరదు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. నేను జీవితమంతా రాసిన మాటలను చూడండి. జమాబందీ, ఫసలీ, దస్తావేజు పారసీ, అరబీల నుండి వచ్చినవి. అడంగల్, పోరంబోకు తమిళం. వాటి కింద సంతకం తెలుగు. ఏ తెలుగు రైతూ తన ఫసలీ రశీదును పరాయి మాట అని చింపివేయలేదు. మన ఇళ్లలోనూ అంతే. దక్కనీ ఉర్దూ మాట్లాడేవారున్నారు, తరతరాలుగా తెలుగే మాతృభాష అయిన దూదేకుల సోదరులున్నారు. ముస్లిం అంటే ఒకే భాష, ఒకే గొంతు అనుకునేవారు మన వీధిలోకి ఒకసారి రావాలి.

కనుక సభాధ్యక్షులకు నా విన్నపమొకటి. ఈ సమావేశం ఏడాదికొక ఉత్సవంగా మిగలరాదు. మూడు నెలలకొకసారి, పండుగలు లేని నెలలో, పోలీసు స్టేషనులో కాక పాఠశాల ఆవరణలో జరగాలి. ప్రతిసారీ ఒకే ఒక అంశం తీసుకోవాలి. మొదటి అంశంగా శ్మశానాలు, ఖబరస్తాన్లు, సమాధి తోటల హద్దులను తీసుకుందాం. మూడు మతాలవారికీ అవసరమైనదే. జమాఅత్ పెద్దలు తమ గ్రామపు అడంగల్ నకళ్లు, సర్వే నంబర్లు రాసుకుని రావాలి. తక్కిన పెద్దలు కూడా తమవి తెచ్చుకోవాలి. కాగితాలు చదవడం రానివారికి చదివి వినిపించే పని నాకు అప్పగించండి. ఆ రోజు ఉదయం పది గంటలకే వచ్చి కూర్చుంటాను.