బేబ్ రూత్ ఆర్జనము

(రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



క్రీడాకారుల కీర్తిని గూర్చి వ్రాయువారు పెక్కుమంది కలరు. వారి జమాఖర్చులను గూర్చి వ్రాయువారు అరుదు. అమెరికా దేశమున బేస్‌బాల్ ఆటకు మారుపేరైన బేబ్ రూత్ జీవితమును ఈ రెండవ వైపునుండి చూచినచో, ఆటకంటె ఆసక్తికరమైన కథ యొకటి కనబడును.

ఆ ఆట క్రికెట్టునకు దూరపు జ్ఞాతి వంటిది. ఒకడు బంతి విసరును. వేరొకడు గుండ్రని కఱ్ఱతో దానిని కొట్టును. బంతి ఆటస్థలపు గోడ దాటి పోయెనా, కొట్టినవాడు నాలుగు మజిలీలను తీరికగా చుట్టివచ్చును. దానికే హోమ్ రన్ అని పేరు. రూత్ తన కాలమున అట్టివి 714 కొట్టెను. ఆటను గూర్చి ఇంతవరకు తెలిసిన చాలును.

జార్జి హెర్మన్ రూత్ 1895 ఫిబ్రవరి 6వ తేదీన బాల్టిమోర్ నగరమున జన్మించెను. తండ్రి మద్యపు దుకాణము నడపుచుండెడివాడు. వీధులలో తిరిగి అదుపు తప్పిన బాలుని ఏడవయేట సెయింట్ మేరీస్ పారిశ్రామిక పాఠశాలలో చేర్చిరి. అచ్చట అతడు చొక్కాలు కుట్టుట నేర్చెను. బ్రదర్ మతయాస్ అను బలశాలియైన ఉపాధ్యాయుడు బంతి కొట్టుట నేర్పెను. ఆ రెండు విద్యలలో ఏది అన్నము పెట్టునో ఆనాడు ఎవరును చెప్పజాలకుందురు.

1914లో బాల్టిమోర్ జట్టు యజమాని జాక్ డన్ ఆ యేటికి 600 డాలర్ల జీతముపై అతనిని కుదుర్చుకొనెను. ఆరు నెలలైనను తిరుగకుండ, జూలైలో, బోస్టన్ రెడ్ సాక్స్ వారికి అమ్మెను. "అమ్మెను" అనుట అతిశయోక్తి కాదు. ఆనాటి ఒప్పందములలో రిజర్వు నిబంధన యను మెలిక యుండెడిది. ఒక క్లబ్బునకు వ్రాలు చేసి యిచ్చిన ఆటగాడు, ఆ ఏడు గడచిన పిదపగూడ ఆ క్లబ్బునకే కట్టుబడి యుండవలెను. ఇచ్చినంత పుచ్చుకొనుట, లేదా ఆట మాని యింటికడ కూర్చుండుట, ఇవియే అతనికి గల త్రోవలు. క్లబ్బు మాత్రము సంతలో ఎద్దును అమ్మినట్లు అతనిని వేరొకరికి అమ్ముకొనవచ్చును. 1922లో అమెరికా సుప్రీమ్ కోర్టు ఈ ఆట రాష్ట్రముల నడుమ సాగు వ్యాపారము కాదని తీర్పు చెప్పెను. దానితో గుత్తాధిపత్యమును నిషేధించు చట్టముగూడ యజమానుల జోలికి పోలేదు. లక్షల జనము టిక్కెట్లు కొని చూచునది వ్యాపారము కాదట!

1919లో రూత్ 29 హోమ్ రన్‌లు కొట్టి పాత లెక్కలను మించెను. ఆ డిసెంబరు నెలలోనే బోస్టన్ యజమాని, నాటకములు ఆడించు హారీ ఫ్రేజీ, అతనిని న్యూయార్కు యాంకీస్ వారికి 1,00,000 డాలర్లకు అమ్మెను. అదిగాక తన క్రీడాస్థలమును తాకట్టుపెట్టి 3,00,000 డాలర్లు అప్పుగా పొందు ఏర్పాటును చేసికొనెను. ఆ లక్ష డాలర్లపై అమ్ముడుపోయిన మనిషికి హక్కు లేదు. అతనికి దక్కినది 10,000 జీతము 20,000 అగుట మాత్రమే.

కొన్నవారు నష్టపోలేదు. 1920లో రూత్ 54 హోమ్ రన్‌లు కొట్టగా, ఆ యేడు యాంకీస్ సొంత ఆటలకు పన్నెండు లక్షలకు పైగా జనము వచ్చిరి. పది లక్షలు దాటిన క్లబ్బు అంతకుముందు లేదు. 1923లో వారు నిర్మించిన విశాల క్రీడాప్రాంగణమునకు "రూత్ కట్టిన యిల్లు" అని పేరు వచ్చెను. ఆ యింట రూత్ జీతగాడు.

జీతము పెరుగుచునే పోయెను: 1922లో 52,000 డాలర్లు, 1927లో 70,000, 1930లో 80,000. ఆనాడు దేశాధ్యక్షుడు హూవరు జీతము 75,000. అధ్యక్షునికంటె ఎక్కువ యడుగుటేమని ఒకరు ప్రశ్నింపగా, ఆ యేడు అధ్యక్షునికంటె తానే మెరుగుగా పనిచేసితినని రూత్ బదులు చెప్పెనని యొక కథ కలదు. కథ యెట్లున్నను లెక్క నిజము.

కాని అతని చేతిలో ధనము చిల్లికుండలో నీటివలె నుండెడిది. కార్లు, విందులు, గుఱ్ఱపు పందెములు, అడిగినవారికి లేదనకపోవుట. జరిమానాలకును కొదువ లేదు. 1921లో నిబంధనకు విరుద్ధముగా ఊరూర ప్రదర్శనపు ఆటలాడినందుకు కమిషనర్ లాండిస్ ప్రపంచ సీరీస్‌లో అతనికి రావలసిన వాటాను ఆపి, 1922 మే 20 వరకు ఆటనుండి తొలగించెను. 1925లో క్రమశిక్షణ తప్పినందుకు జట్టు నిర్వాహకుడు మిల్లర్ హగిన్స్ 5,000 డాలర్ల జరిమానా విధించెను.

ఇట్టివానిని కాపాడినవాడు క్రిస్టీ వాల్ష్. 1921 నుండి ఇతడు రూత్ వ్యవహారములు చూచెను. రూత్ పేరుతో ఇతరులచే వ్యాసములు వ్రాయించి పత్రికలకు అమ్మెను. ప్రకటనలు, రంగస్థల ప్రదర్శనలు కుదిర్చెను. అంతకంటె గొప్ప పని, వచ్చిన దానిలో కొంత భాగమును, తలచినప్పుడెల్ల చేయి పెట్టుటకు వీలులేని ట్రస్టు నిధిలో వేయించుట. రూత్ మొదట గొణిగెనేమో గాని, 1929లో షేర్ల బజారు కూలి లక్షాధికారులు వీధిన పడినప్పుడు అతని నిధి చెక్కుచెదరలేదు. ఆట మానిన పిదప ఆ సొమ్మే అతనిని పోషించెను. ఇంత ఉపకారము హోమ్ రన్‌లు కూడ చేయలేదనవచ్చును.

తన పేరుపై మాత్రము అతనికి పూర్తి హక్కు చిక్కలేదు. కర్టిస్ కంపెనీ 1921లో "బేబీ రూత్" అను మిఠాయిని అమ్మజొచ్చెను. అది మాజీ అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ కుమార్తె పేరని కంపెనీ వాదము. ఆ బాలిక 1904లోనే మరణించినది! రూత్ తన పేరుతో వేరొక మిఠాయి తెచ్చినప్పుడు వ్యాజ్యము నడచి, 1931లో కర్టిస్ వారే గెలిచిరి.

వయసు మీరగా జీతమును తగ్గెను. 1934 నాటికి 35,000. యాంకీస్ జట్టును నడపు బాధ్యత తనకిత్తురని ఆశించెను. ఇయ్యలేదు. ఏరు దాటినవారు తెప్పను తగులబెట్టిరి. 1935లో బోస్టన్ బ్రేవ్స్ జట్టున కొన్ని వారములు ఆడి విరమించెను. 1948 ఆగస్టు 16న పుట్టకురుపు వ్యాధితో, ఏబది మూడవయేట, కన్నుమూసెను.

రిజర్వు నిబంధన మరి ఇరువది యేడేండ్లు నిలిచెను. 1975 డిసెంబరులో పీటర్ సైట్స్ అను మధ్యవర్తి ఇద్దరు ఆటగాండ్ర పక్షమున తీర్పు చెప్పిన పిమ్మట ఆటగాండ్రకు బేరమాడు స్వేచ్ఛ లభించెను. రూత్ వలెనే బంతి విసరుటయందును కొట్టుటయందును దిట్టయైన జపాను యువకుడు షోహెయ్ ఒహ్‌తానీ 2023లో పదేండ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందము చేసికొనెను. అందు 68 కోట్లు ఒప్పందపు గడువు తీరిన తరువాతనే పుచ్చుకొందునని తానే కోరెను.

1932 ప్రపంచ సీరీస్‌లో రూత్ తొడిగిన బూడిదరంగు చొక్కా 2024 ఆగస్టులో వేలమునకు వచ్చి, 2 కోట్ల 41 లక్షల డాలర్లకు పైగా పలికెను. ఇరువది రెండేండ్లు ఆడి అతడు పుచ్చుకొన్న జీతములన్నియు కలిపినను పది లక్షల డాలర్లకు లోపే.