మూలమేదో ముందు తెలుసుకుందాం

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక కళాశాలలో చేసిన ప్రసంగ పాఠం)



హిందీ రచనలను తెలుగులోకి అనువదించడం నా వృత్తి. ఏ రచన చేతికి వచ్చినా మూలం ఏది, రచయిత ఎవరు, ఈ ప్రతి సమగ్రమైనదేనా అని ముందుగా విచారించుకోవాలని ఎం.ఏ. చదివే రోజుల్లో మా గురువుగారు బోధించారు. ఆ పాఠాన్ని నేను ఒకనాడు మరిచిపోయాను. ఆ సంగతి మీతో చెప్పుకోవాలనే ఈ సభకు వచ్చాను.

2018 మే నెలలో నా ఫోనుకు హిందీలో ఒక సందేశం వచ్చింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని, కొత్తవాళ్లు కనబడితే వదలవద్దని దాని సారాంశం. మా ఊళ్లో హిందీ రానివాళ్లకు ఉపకరిస్తుందనుకొని, పది నిమిషాల్లో చక్కని తెలుగు చేసి బంధువులందరికీ పంపాను. అనువాదంలో ఒక్క దోషం లేదు. దోషమంతా మూలంలోనే ఉంది.

మూడో రోజున మా చిన్నాయన ఫోను చేశారు. "బిడ్డా, నువ్వు పంపిన మెసేజీ చూసి మనోళ్లు కుల్ఫీలమ్మే పిల్లగాణ్ణి పట్టుకొచ్చి రచ్చబండ కాడ కూసోబెట్టిండ్రు. వాని మాట ఎవరికీ సమజైతలేదు. నువ్వు మాట్లాడు" అన్నారు. ఆ అబ్బాయి ఉత్తరప్రదేశ్ నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చినవాడు. అతను ఏడుస్తూ చెప్పిన ఒక్కొక్క మాటనూ తెలుగు చేసి మావాళ్లకు వినిపించాను. విడిచిపెట్టారు. అంత భయపడుతూ చేసిన అనువాదం నా జీవితంలో మరొకటి లేదు.

ఆ అదృష్టం అందరికీ దక్కలేదు. ఆ నెలలోనే హైదరాబాదులో ఇటువంటి అనుమానంతోనే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. 2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో, భిక్షాటనతో బ్రతికే సంచార జాతికి చెందిన ఐదుగురు అమాయకులు ఇదే అనుమానానికి బలి అయ్యారు.

ఆ రోజుల్లో చేతులు మారిన ఒక వీడియో కథ వినండి. మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరు ఒక పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. అసలు అది పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల రక్షణ పట్ల తల్లిదండ్రులను హెచ్చరించడానికి తీసిన చిత్రం. చివర వాళ్లే పిల్లవాణ్ణి తిరిగి అప్పగించి, హెచ్చరిక రాసిన అట్ట చూపుతారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. పిల్లల మేలు కోరి తీసిన చిత్రం సరిహద్దు దాటి వచ్చి ఇక్కడ ప్రాణాల మీదికి తెచ్చింది. ప్రతి సమగ్రమైనదేనా అని అడగకపోతే జరిగే అనర్థం ఇదే.

ఆ జూలైలోనే వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయడానికి వీలులేకుండా పరిమితి విధించింది. అంతకంటే విలువైన పని మన జోగులాంబ గద్వాల జిల్లాలో జరిగింది. అప్పటి జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి గారి ఆధ్వర్యంలో పోలీసులు ఊరూరా తిరిగి, పాటలతోను, ఆటలతోను వదంతుల గుట్టు ప్రజలకు విప్పి చెప్పారు. నమ్మకం మనుషుల మధ్య పుట్టేది గనుక, మందు కూడా మనుషులే తీసుకువెళ్లారు.

2017లో ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ కింద 2024 మార్చి నాటికి 6.39 కోట్ల మంది శిక్షణ పొందారు. ఇది సామాన్యమైన విషయం కాదు. అయితే ఫోను వాడడం నేర్చినవాడు అక్షరాలు దిద్దినవాడి వంటివాడు. చదివినదానిని తూచి చూడడం ఆ తరువాతి తరగతి.

విద్యార్థులారా! మీ ఇళ్లలో అమ్మమ్మలు, తాతయ్యలు ఫోను మీ చేతికిచ్చి "ఇది నిజమేనా?" అని అడుగుతూనే ఉంటారు. మీ ఇంటికి అనువాదకులు మీరే. ఇది ఎవరు చెప్పారు, ఎప్పటిది, ముందూ వెనుకా ఏమైనా కత్తిరించారా అని విచారించండి. జవాబు దొరకకపోతే దానిని మీ దగ్గరే ఆపివేయండి. దూరాన ఏ ఊళ్లోనో, మన భాష రాని ఒక అబ్బాయి క్షేమంగా తన ఇంటికి చేరుకుంటాడు.