జూదశాలకు అనుమతి

ధర్మరాజు శకునితో ఆడిననాడు పాచికలను పరీక్షించు అధికారి ఆ సభలో లేడు. నేటికిని మన తెలుగు రాష్ట్రములలో జూదగృహము నడుపుట నేరమే. కావున దానికి లైసెన్సు అనుమాట శ్రోతలకు వింతగా తోచవచ్చును. అయితే గోవాకు విహారమునకు వెళ్లినవారు పణజీయొద్ద మాండవీ నదిలో లంగరు వేసిన కాసినో ఓడలను చూచియుందురు. అవి ప్రభుత్వానుమతితో నడచునవే. అట్టి అనుమతి నిచ్చుట యెట్లు, ఇచ్చిన పిమ్మట కనిపెట్టియుండుట యెట్లు అను విషయమును ఎన్నో దెబ్బలు తిని నేర్చుకొన్నది అమెరికాలోని నెవాడా రాష్ట్రము. అందుచేత ముఖ్యముగా అక్కడి కథనే మేము చెప్పదలచితిమి.

నెవాడా 1931లో జూదమును చట్టసమ్మతము చేసినది. తొలినాళ్లలో అర్జీదారుని పూర్వచరిత్రను త్రవ్వి చూచువారు అరుదు. ఫలితముగా లాస్ వేగాస్‌లో పైకి ఒక యజమాని, వెనుక పరనగరముల ముఠానాయకులు అను ఏర్పాటు వేళ్లూనెను. 1955లో గేమింగ్ కంట్రోల్ బోర్డును, 1959లో దానిపైన గేమింగ్ కమిషనును స్థాపించిరి. బోర్డు విచారించును, కమిషను తీర్పు చెప్పును.

అక్కడి చట్టములో మాకు మిక్కిలి గమనింపదగినదిగా తోచిన అంశ మొకటి కలదు. న్యాయస్థానములో నేరము ఋజువగువరకు మనిషి నిర్దోషి. ఇక్కడ అట్లు కాదు. లైసెన్సు హక్కు కాదు. ఎప్పుడైనను వెనుకకు తీసికొనదగిన అనుగ్రహము మాత్రమే. తాను యోగ్యుడనని అర్జీదారుడే నిరూపించుకొనవలెను. పెట్టుబడి ఎక్కడిది, భాగస్థు లెవరు, బాకీ లెవరికి అను ప్రశ్నలన్నింటికిని బదులు చెప్పవలెను. ఆ దర్యాప్తు ఖర్చును కూడ అతడే భరింపవలెను!

ఇంత కాఠిన్య మెందుకు? రహస్యమంతయు లెక్కింపుగదిలో ఉన్నది. ఆటబల్లల క్రింద తాళము వేసిన పెట్టెలలో పడిన నగదును ఆ గదికి చేర్చి లెక్కింతురు. పందెములలో గెలిచినవారికి ఇచ్చినది పోగా మిగిలిన రాబడిపై పన్ను కట్టవలెను. పుస్తకమున కెక్కకముందే కొన్ని నోట్లకట్టలు ప్రక్కదారి పట్టినచో ప్రభుత్వమునకు పన్ను పోవును. తెరవెనుక భాగస్థునకు వాటా చేరును. 1970ల నాటి స్టార్‌డస్ట్ కాసినోలో జరిగినది ఇదియే. కావుననే లెక్కింపును ఒక్కరికి విడువరు, కెమెరాలు చూచుచుండును. బోర్డు ఉద్యోగులు ముందు కబురు లేకయే వచ్చి పుస్తకములు చూపుమనవచ్చును.

1960లో ఆ రాష్ట్రము 11 మంది పేర్లతో ఒక జాబితా వెలువరించినది. దానికి నల్లపుస్తకమని వాడుక పేరు. అందున్నవారిని కాసినోలో అడుగు పెట్టనీయరాదు. షికాగో ముఠానాయకుడు శామ్ జియాంకానా వారిలో ఒకడు. 1963లో అతడు గాయకుడు ఫ్రాంక్ సినాట్రాకు వాటా గల కాల్ నీవా విడిదిలో బస చేసినట్లు బోర్డుకు తెలిసెను. సంజాయిషీ అడుగగా సినాట్రా బోర్డు అధ్యక్షునిపై టెలిఫోనులోనే మండిపడెను. అధ్యక్షుడు చలింపలేదు. ఆ యేడు అక్టోబరులో సినాట్రా లైసెన్సు వదలుకొనెను. నెవాడా అతనికి మరల లైసెన్సు ఇచ్చినది 1981లో.

ఒక గాయకుని లొంగదీయుట ఒక యెత్తు; వేలమందికి జీతము లిచ్చు సంస్థను మూయించుట మరియొక యెత్తు. ఈ రెండవ పరీక్ష ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమునకు వచ్చినది. అచ్చటి క్రౌన్ కాసినో 2012 నుండి 2016 వరకు చైనా బ్యాంకుకార్డులపై జూదమునకు సొమ్మిచ్చి, దానిని హోటలు ఖర్చుగా వ్రాసినది. 2021లో రాయల్ కమిషను ఈ సంస్థ లైసెన్సునకు తగదని తేల్చినది. అయినను వెంటనే రద్దు చేసినచో ఉద్యోగులకును, ఆ రాష్ట్రపు ఆర్థికస్థితికిని దెబ్బ తగులునని వెనుదీసి, రెండేండ్లపాటు ప్రత్యేకాధికారి కనుసన్నలలో నడువనిచ్చినది.

చిక్కంతయు ఇక్కడనే ఉన్నదని మా అభిప్రాయము. పన్ను నందుకొను చేయియే బెత్తమును కూడ పట్టవలసియున్నది; కాసినో పెరిగినకొలది ఆ బెత్తము బరువగును. జరిమానా విధించుట మాత్రము సులభమే. హోటలు ఖర్చు మాయకు 2022లో 8 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు విధించిరి. 2024 మార్చిలో, సంస్థ తన్ను చక్కదిద్దుకొన్నదని నియంత్రణాధికారులు నిర్ణయించి, లైసెన్సును దానియొద్దనే ఉండనిచ్చిరి.