కంటిగూటిలో విరిగిన పుల్ల



పత్తికట్టె పీకునపుడు, కంచె కొట్టునపుడు, తునికాకు కొరకు అడవిలో తిరుగునపుడు మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో కంటికి దెబ్బ తగులుట క్రొత్త కాదు. 1996–2000 సంవత్సరములలో ఆదిలాబాదుతో సహా నాలుగు జిల్లాలలో జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల పరిశీలన కూడ, పల్లెలలోని కంటి గాయములకు ముల్లు, కొమ్మ వంటివి ముఖ్య కారణమని చూపినది. వీనిలో పెక్కు పైపై గాయములే. కాని ఒక్కొక్కప్పుడు పుల్ల కనుగుడ్డును తప్పించుకొని, రెప్పను చీల్చి, కంటిగూటిలోనికి దిగి అచటనే విరిగిపోవును. ఆ గాయమును గూర్చియే మేము నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

దీనిలోని మోసమేమనగా, రెప్పపై గాయము వడ్లగింజంతయే ఉండవచ్చును. లోపలి పుల్ల వ్రేలెడు ఉండవచ్చును. చూపు చెడకపోవచ్చును, రక్తమును ఆగిపోవచ్చును. ఇంటివారు గండము గడచినదనుకొందురు. కంటిగూటి పైకప్పు ఎముక మిక్కిలి పలుచన, దానిపైననే మెదడు. కావున పుల్ల కొన బయటికి కనబడుచున్నను ఊరిలో లాగరాదు. లాగినచో కొంత లోపలనే విరిగి నిలుచును, రక్తము మరల పొంగవచ్చును. కాగితపు గ్లాసు వంటిదానిని పుల్లకు తగులకుండ కంటిపై బోర్లించి కట్టవలెను. కన్ను నొక్కరాదు, గట్టిగా ముక్కు చీదరాదు. పసరు, చనుబాలు, నెయ్యి ఏవియు పోయరాదు. శస్త్రచికిత్స అవసరపడవచ్చును గనుక అన్నపానములు ఆపి, 108 వాహనమును పిలువవలెను.

విరిగిన మిగతా పుల్లను గుడ్డలో చుట్టి వెంట పంపుడు. ఇది చిన్న మాట కాదు. ఎక్స్‌రేలో ఇనుము కనబడును గాని కర్ర సాధారణముగా కనబడదు. సి.టి. పరీక్షలో సైతము ఎండుకర్ర మొదటి దినములలో గాలివలె నల్లగా కనబడి వైద్యుని భ్రమింపజేయగలదు. ఎం.ఆర్.ఐ. పరీక్ష కర్రను పట్టుకొనుటకు ఉపకరించును గాని, లోపల ఇనుపముక్క యున్నచో ఆ అయస్కాంతము దానిని కదలించును. కావున గ్రానైటు క్వారీలోనో కమ్మరి కొలిమివద్దనో తగిలిన దెబ్బయైనచో ఆ సంగతి ముందుగనే చెప్పవలెను.

లోపల చిక్కినదెల్ల తీసి తీరవలెనని బంధువులు పట్టుపట్టుదురు. అది సరికాదు. లోతున నిలిచి బాధింపని తుపాకి రవ్వను, రాతి పలుకును అట్లే యుంచి కనిపెట్టియుండుట కొన్నిమార్లు మేలు. కర్ర సంగతి వేరు. అది తడిని పీల్చి క్రిములకు నిలయమగును. గాయము మానినట్లే మాని, వారములకో నెలలకో చీము కారును. మీ వార్డులో ఎవరి రెప్పయైన మరల మరల చీముపట్టుచున్నచో, కన్ను ముందుకు పొడుచుకొని వచ్చుచున్నచో, ఒకటి రెండుగా కనబడుచున్నచో, వెనుకటి దెబ్బ ఏదైన ఉన్నదేమో అడుగుడు. జ్వరము, తలనొప్పి, మగతకూడ తోడైనచో ఒక్క పూటయైన ఆలస్యము తగదు.

ముధోల్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారి కంటి ఆసుపత్రి 1996లో వెలసినది. అచటి వైద్యుడు గాని, జిల్లా ఆసుపత్రి వైద్యుడు గాని చూచి, అవసరమైనచో వరంగల్లు ప్రాంతీయ కంటి ఆసుపత్రికో హైదరాబాదులోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికో పంపుదురు. ఆదిలాబాదు నుండి హైదరాబాదు దాదాపు 300 కిలోమీటర్లు. కూలివాని కుటుంబము ఆ దారిఖర్చునకే వెనుదీసి నాటువైద్యుని గడప తొక్కును. ఆ రాత్రి ఖర్చు ఎవరు సర్దవలెనో, రోగి వెంట ఎవరు పోవలెనో మీ పంచాయతీ సమావేశములో ముందే నిర్ణయించి, ఆ పేర్లను కార్యాలయపు గోడపై వ్రాయించుడు. ధనుర్వాతపు సూది ఎప్పుడు వేయించుకొనిరో ఆ తేదీని కూడ ఒక చీటిపై వ్రాసి రోగితో పంపుడు.