రక్తంలో ఉంటే రాతలో ఉన్నట్టేనా?



పోయిన నెల మైపాడులో మా వదినగారి అమ్మాయికి కుదిరిన సంబంధం తాంబూలాల దాకా వచ్చి ఆగిపోయింది. పిల్లవాడు బుద్ధిమంతుడు, ఉద్యోగస్థుడు. తల్లికి మాత్రం స్కిజోఫ్రీనియా అట, ఏళ్ళ తరబడి మాత్రలు వాడుతోందట. "వాళ్ళ రక్తంలోనే ఉందంట, పిల్లనెట్లా ఇచ్చేది?" అన్నది వదిన. ఆ పూట నేనూ నోరు మెదపలేదు. తర్వాత తెలిసిన డాక్టరమ్మను అడిగాను.

రక్తంలో కొంత ఉన్న మాట నిజమే. మామూలుగా నూటికి ఒకరికి వచ్చే ఈ జబ్బు, తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో నూటికి సుమారు 10 మందికి వస్తుంది. అంటే 90 మందికి రాదన్నమాట! ఈ 90 మంది సంగతి పెళ్ళిళ్ళ పేరయ్యలు చెప్పరు.

మన మెదడులో కణానికీ కణానికీ మధ్య లెక్కలేనన్ని లంకెలు. చిన్నతనంలో అవి అవసరానికి మించి అల్లుకుంటాయి. ఎదిగే వయసులో మెదడే అక్కరలేనివాటిని ఏరేస్తుంది, మన చేలల్లో కలుపు తీసినట్టు. ఈ జబ్బులో కలుపుతోపాటు పైరూ కొంత పోతుందని శాస్త్రజ్ఞుల అనుమానం. ఆ ఏరివేతలో సి4 అనే జన్యువుకు పాలుందని 2016లో అమెరికాలో బోస్టన్ వాళ్ళు చూపించారు. అదొక్కటే కాదు, 2022 నాటికి జన్యువుల్లో 280కి పైగా చోట్లు తేలాయి. ఒక్కొక్కదాని పాలు చిటికెడే. చిటికెడు ఉప్పుతోనే చేపల పులుసు అయిపోదు గదా!

ఒకప్పుడు పెద్ద డాక్టర్లే తల్లి పెంపకాన్ని తప్పుపట్టారు. ఎంత అన్యాయమో చూడండి.

ఏ.ఎస్.పేట దర్గాకు తీసికెళ్ళేవాళ్ళు మనలో ఉన్నారు. ఎవరి నమ్మకం వారిది, మాత్రలు మాత్రం మానిపించకండి. పెద్ద వైద్యానికి మనం పరుగెత్తే చెన్నైలోనే, శారదా మీనన్ గారు 1984లో ఈ జబ్బువారి కోసమే స్కార్ఫ్ సంస్థను స్థాపించారు. ఇంట్లోంచే అడగాలంటే టెలిమానస్ 14416కు ఫోను చేయవచ్చు, డబ్బు ఖర్చు లేదు.

ఇదంతా వదినకు చెప్పాను. "ఆ 10 మందిలో ఈ పిల్లోడు లేడని రాసిస్తావా?" అన్నది. రాసివ్వలేను. కానీ మగవాళ్ళలో ఈ జబ్బు చాలావరకు 30 లోపే బయటపడుతుంది, అతనికి 32 అన్నాను.

తాంబూలాలు ఇంకా కాలేదు. మొన్న ఆదివారం మాత్రం వదిన వాళ్ళింటికి వెళ్ళి, ఆ తల్లి చేతి కాఫీ తాగి వచ్చింది.

సెలవు.