చక్రాల మీద ఇల్లు – పెన్సిలుతో రాసుకున్న ప్రయాణం

(మన సంఘం వార్షికోత్సవ సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "మీ అమెరికా యాత్రా విశేషాలు చెప్పండి" అన్నారు. అమెరికా వెళ్లొచ్చినవాళ్లు ఈ హాలులోనే పాతికమంది ఉంటారు. నయాగరా గురించి, పెద్ద పెద్ద భవనాల గురించి వాళ్లు చెప్పగా మీరు వినే ఉంటారు. నేను మరొక సంగతి చెబుతాను. మా ఆవిడ అన్నగారు, అంటే మా బావగారు, ఇల్లు అమ్మేసి భార్యతో సహా ఒక బండిలో కాపురం పెట్టారు. 2022 జూన్‌లో మేమిద్దరం మూడు వారాలు వాళ్లతో ఆ బండిలో ఉన్నాం. అక్కడ నేను నేర్చుకున్నది మన వయసువాళ్లందరికీ పనికొస్తుందని నా నమ్మకం.

ముందుగా నా గురించి ఒక్క మాట. నేను 31 సంవత్సరాలు ఆర్టీసీలో, అందులో ఎక్కువ భాగం డిపో ట్రాఫిక్ విభాగంలో పనిచేశాను. ఏ బస్సు ఎన్నింటికి కదలాలి, ఏ డ్రైవరుకు ఏ డ్యూటీ, ఎక్కడ ఎన్ని నిమిషాల విరామం – ఇవన్నీ చార్టులో వేయడం నా పని. రిటైరయ్యాక కూడా ఆ జబ్బు వదల్లేదు. ఇంట్లో పాలవాడు పది నిమిషాలు ఆలస్యంగా వస్తే సంజాయిషీ అడిగే రకం నేను.

మా బావగారు 1974లో ఇంజనీరుగా అమెరికా వెళ్లారు. రిటైరయ్యాక, 2017లో ఒహాయో రాష్ట్రంలోని ఇల్లు అమ్మి 36 అడుగుల మోటార్‌హోమ్ కొన్నారు. మన బస్సంత పొడవు. లోపల వంటగది, మంచం, స్నానాలగది అన్నీ ఉంటాయి. ఆపిన చోట మీట నొక్కితే ఒక పక్క గోడ బయటికి జరిగి గది వెడల్పవుతుంది. వెనకాల చిన్న కారును తగిలించుకుని లాక్కుపోతారు. బండిని క్యాంపులో నిలిపి, ఊళ్లో పనులకు ఆ కారు వాడతారు. కుక్కరు కూత, ఆవకాయ జాడీ, దేవుడి పటం అన్నీ అందులోనే ఉన్నాయి. మా అక్కయ్యగారు బండి కదిలేముందు ఆవకాయ జాడీని గుడ్డలో చుట్టి సింకులో పెట్టేవారు.

ఇలా ఏడాది పొడుగునా బండిలోనే ఉండేవాళ్లు ఆ దేశంలో చాలామంది. ఎక్కువమంది మనలాంటి విశ్రాంత ఉద్యోగులే. చలికాలం అరిజోనా, టెక్సాస్, ఫ్లోరిడా వంటి దక్షిణ రాష్ట్రాల్లో గడిపి, ఎండలు ముదిరేసరికి ఉత్తరానికి వెళతారు. ఇల్లు లేకపోతే చిరునామా ఎలా? దక్షిణ డకోటా, టెక్సాస్, ఫ్లోరిడా రాష్ట్రాలలో ఇలాంటివాళ్ల ఉత్తరాలు అందుకుని, వాళ్లు ఎక్కడుంటే అక్కడికి పంపే సంస్థలున్నాయి. దక్షిణ డకోటాలో ఒక్క రాత్రి బస చేసినట్టు రసీదు, దానితోపాటు మిగిలిన కాగితాలు చూపితే ఇలాంటివారికి డ్రైవింగు లైసెన్సు కూడా ఇస్తారు. మా బావగారి లైసెన్సు అక్కడిదే.

మేము ఏప్రిల్‌లో చికాగోలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లాం. జూన్ మొదటి వారంలో దక్షిణ డకోటాలోని ర్యాపిడ్ సిటీలో బావగారి బండి ఎక్కాం. ఎక్కేముందే నేను చార్టు తయారుచేసుకున్నాను. బ్యాడ్‌లాండ్స్ ఫలానా రోజు, మౌంట్ రష్‌మోర్ ఫలానా రోజు, 13వ తేదీ ఉదయం 10 గంటలకు ఎల్లోస్టోన్ పార్కు ప్రవేశం, 17న నిష్క్రమణ. బావగారు దాన్ని రెండువైపులా తిప్పి చూసి, "ఇందులో వాన ఎక్కడ రాశారు బావగారూ?" అన్నారు. నాకు కొంచెం కోపమే వచ్చింది.

ఆయన దగ్గర చార్టు లేదు. ఒక నోటుపుస్తకం ఉంది. అందులో మూడు భాగాలు. మొదటి భాగం పెన్నుతో రాసుకుంటారు. డాక్టరును చూడవలసిన తేదీలు, మందులు తిరిగి తెచ్చుకోవలసిన తేదీలు, ఇన్సూరెన్సు ప్రీమియం. ఇవి కదలవు. ఇవికాక మూడు సెలవుల రోజులు. మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే, జులై 4, సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే. ఆ రోజుల్లో ఉద్యోగస్తులు పిల్లాపాపలతో బయలుదేరతారు, క్యాంపు స్థలాలు దొరకవు. కాబట్టి ఆ మూడింటికీ చాలా ముందుగా చోటు ఖాయం చేసుకుని, అక్కడే కదలకుండా కూర్చుంటారు.

రెండో భాగం పెన్సిలుతో. తర్వాత ఏ ఊరు, ఎన్నాళ్లు అన్నది అందులో ఉంటుంది. ప్రతి మజిలీకి ఎదురుగా ఇంకో రెండు ఊళ్ల పేర్లు రాసి ఉంటాయి, ఇది కుదరకపోతే అది అని. రోజుకు 200 మైళ్లకు మించి నడపకూడదు, మధ్యాహ్నం 2 గంటలకల్లా ఆగిపోవాలి, ఆగిన చోట కనీసం రెండు రాత్రులు ఉండాలి. మోటార్‌హోమ్‌వాళ్లలో చాలామంది ఇలాంటి లెక్కే పెట్టుకుంటారట. చీకటి పడకముందే చేరితే కొత్త చోట బండి తిప్పుకోవడం సులువు. గాలి ఉధృతంగా ఉంటే అసలు కదలరు. అంత ఎత్తు బండిని గాలి పక్కకు తోసేస్తుంది.

ఖర్చు మాట కూడా చెప్పాలి. ఆ బండి గ్యాలను డీజిలుకు సుమారు 8 మైళ్లు ఇచ్చేది. మేమున్నప్పుడు గ్యాలను 5 డాలర్లు దాటింది. "డీజిలు ధర పెరిగితే కదలడం తగ్గిస్తాం, ఒకేచోట ఎక్కువ రోజులు ఉంటాం" అన్నారు బావగారు. పడమటి రాష్ట్రాల్లో కేంద్ర ప్రభుత్వ భూములు విస్తారంగా ఉన్నాయి. అందులో చాలాచోట్ల 14 రోజులదాకా ఉచితంగా బండి ఆపుకోవచ్చు. నీళ్లు, కరెంటు ఉండవు. బండిలోని నీళ్ల ట్యాంకు, పైకప్పు మీది సోలారు పలకలే ఆధారం. వాడిన నీళ్లకు ఒక ట్యాంకు, మరుగుదొడ్డికి ఒక ట్యాంకు. అవి నిండితే అందుకు కేటాయించిన చోటుకు వెళ్లి గొట్టం తగిలించి ఖాళీ చేయాలి. ఆ పని బావగారు చేతులకు తొడుగులు వేసుకుని స్వయంగా చేసేవారు. ఇది విహారం కాదు, కాపురం. కాపురంలో ఉండే చాకిరీ అంతా ఉంది.

సరే, జూన్ 12 ఆదివారం నాటికి వయోమింగ్ రాష్ట్రంలోని కోడీ అనే ఊరు చేరాం. అక్కడినుంచి పార్కు తూర్పు ద్వారం 50 మైళ్లు పైచిలుకు. అప్పటిదాకా నా చార్టు ప్రకారమే నడిచింది. నేను గర్వంగానే ఉన్నాను. 13 ఉదయం కబురు వచ్చింది. భారీ వర్షాలకు తోడు కొండల మీది మంచు కరిగి వరద వచ్చింది, పార్కు ఉత్తర భాగంలో రోడ్లు కొట్టుకుపోయాయి, ఐదు ద్వారాలూ మూసేశారు, లోపలున్న యాత్రికులను బయటికి పంపేస్తున్నారు.

నేను నిలబడలేకపోయాను. వెనక్కి వెళ్లిపోదామన్నాను. చికాగో టిక్కెట్టు ముందుకు జరపమని మా అమ్మాయికి ఫోను చేయబోయాను. బావగారు పెన్సిలు తీసి ఒక గీత కొట్టి, "ఇక్కడే ఉందాం. ఊరు బాగుంది" అన్నారు. అంతే.

ఆ సాయంత్రం మా ఆవిడ బండి బయట మడత కుర్చీలో కూర్చుని, నా వైపు చూడకుండా ఒక మాట అంది. "విజయవాడ స్టేషన్లో కూడా ఇలా ఆగి ఉంటే, నాన్న కాశీ చూసేవాడు."

మీకు 1990 మే తుపాను గుర్తుండే ఉంటుంది. ఆ నెల 9న కృష్ణా జిల్లా తీరాన్ని తాకింది. సరిగ్గా ఆ రోజుల్లో నేను మా మామగారిని, అత్తగారిని, మా ఆవిడను కాశీకి తీసుకెళుతున్నాను. విజయవాడదాకా వెళ్లాం. రైళ్లు రద్దయ్యాయి. అక్కడ మా బంధువుల ఇల్లుంది. నాలుగు రోజులాగి, దారి తెరుచుకున్నాక వెళ్లవచ్చు. మామగారు అదే అడిగారు. నాకు మంజూరైన సెలవు 12 రోజులు. నా లెక్కలో నాలుగు రోజులు పోతే కార్యక్రమమంతా చెడిపోతుంది. సెలవు పొడిగించమని ఒక టెలిగ్రాం ఇస్తే సరిపోయేది. ఇవ్వలేదు. అందరినీ వెనక్కి తీసుకొచ్చాను. వచ్చే ఏడు వెళదామన్నాను. ఆ చలికాలంలోనే మామగారు పోయారు. 32 ఏళ్లు మా ఆవిడ ఆ మాట ఎత్తలేదు. ఎత్తిన రోజున నా దగ్గర జవాబు లేదు.

బావగారికి ఆ సంగతి అంతా తెలుసు. పోయినది ఆయన తండ్రి. కాని ఆయన ఆ పూట ఏమీ అనకుండా లోపలికి వెళ్లి అందరికీ కాఫీ కలిపి తెచ్చారు.

16వ తేదీ పొద్దున బావగారు నీళ్ల గొట్టం తగిలిస్తూ కళ్లు తిరిగి కింద కూర్చుండిపోయారు. ఒళ్లంతా చెమటలు. నేను కంగారుపడి ఆయన చేయి పట్టుకుని నిలబడ్డాను. ఆర్టీసీలో 31 ఏళ్లు చేశానన్న మాటే గాని, నాకు స్టీరింగు పట్టడం రాదు. అక్కయ్యగారు మాత్రం ఫ్రిజ్ తలుపుకు అంటించిన కాగితం తీసుకున్నారు. ఆయన వాడే మందుల పేర్లు, మోతాదులు, పాత జబ్బులు, డాక్టరు ఫోను నంబరు అన్నీ అందులో ఉన్నాయి. కారు తీసి పావుగంటలో ఆసుపత్రిలో చేర్చారు. బి.పి. బాగా పడిపోయింది. మందు మోతాదు మార్చి, ఒక రాత్రి ఉంచుకుని పంపారు. పది రోజులు బండి నడపవద్దన్నారు. వాళ్లకున్నది అక్కడి ప్రభుత్వ మెడికేర్. అందులో మూల పథకం తీసుకోవడం వల్ల, మెడికేర్ అంగీకరించే డాక్టరు ఏ రాష్ట్రంలో ఉన్నా చూపించుకోవచ్చు. తిరిగేవాళ్లం కదా అని ఆ సంగతి ముందే ఆలోచించి తీసుకున్నారట.

నా చార్టు ప్రకారం ఆ పొద్దున మేము పార్కు నడిమధ్యలో, కొండల్లో ఉండవలసినవాళ్లం.

ఆ రాత్రి అక్కయ్యగారు నోటుపుస్తకంలో మూడో భాగం నాకు చూపించారు. ఒకే పేజీ. "ఆగవలసిన రోజు" అని తెలుగులో రాసి ఉంది. ఇద్దరిలో ఎవరికి చేతకాకపోయినా ఎక్కడ ఆగాలి, బండి ఏం చేయాలి, పిల్లల్లో ఎవరికి ముందు చెప్పాలి. "బండి కొనకముందే రాసిన పేజీ ఇది తమ్ముడూ. ఇది తేలాకే కొన్నాం. నేను కూడా ఈ పెద్ద బండి నడపడం నేర్చుకుంటేనే బయలుదేరతానన్నారు మీ బావగారు" అన్నారావిడ.

ఆ పేజీలో ఒక ఊరి పేరుంది, టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్. ఎస్కేపీస్ అని 1978లో మొదలైన మోటార్‌హోమ్‌వాళ్ల సంఘం కేంద్రం అక్కడుంది. సభ్యుల్లో పెద్దవాళ్లయి, జబ్బుపడి, ఇక తిరగలేనివారికోసం ఆ సంఘంవారు అక్కడ ఒక సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేశారు. ఎవరి బండిలో వాళ్లే ఉంటారు. భోజనం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం, రోజూ చూసుకునే మనుషులు, ఈ ఏర్పాట్లన్నీ కేంద్రం చూస్తుంది. నెలనెలా కొంత రుసుము ఉంటుంది. సభ్యులే పూనుకుని సభ్యులకోసం చేసుకున్న పని అది.

జూన్ 22న పార్కు దక్షిణ భాగం మళ్లీ తెరిచారు. రద్దీ కాకుండా ఒక నియమం పెట్టారు. కారు నంబరు చివర సరిసంఖ్య ఉంటే సరితేదీన, బేసిసంఖ్య ఉంటే బేసితేదీన రానిస్తారు. మా కారుకు బేసి. 23న తెల్లవారకముందే బయలుదేరాం. అక్కయ్యగారు నడిపారు, బావగారు వెనక సీట్లో మా ఆవిడ పక్కన కూర్చున్నారు. రోడ్డు పక్కన అడవిదున్నలు మేస్తున్నాయి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి ఊట దగ్గర గంటకుపైగా బెంచీ మీద ఎదురుచూశాం. అది సుమారు గంటన్నరకొకసారి ఎగుస్తుంది. కొంచెం అటూఇటూ అవుతుంది. దానికీ కచ్చితమైన టైమ్‌టేబులు లేదు. అది ఎగసినప్పుడు అన్నాచెల్లెళ్లిద్దరూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. నాలుగు రోజుల కార్యక్రమం ఒక్క రోజుకు కుదించుకుపోయింది. నాకేమీ తక్కువైనట్టు అనిపించలేదు.

2023 చివర్లో బావగారు స్టీరింగు వదిలేశారు. మూడో పేజీలో రాసుకున్నట్టే బండి లివింగ్‌స్టన్‌లో ఆపుకుని అందులోనే ఉంటున్నారు. ప్రస్తుతానికి సంరక్షణ కేంద్రం అవసరం రాలేదు. ఆదివారం ఆదివారం ఫోనులో మాట్లాడుకుంటాం.

ఇక మన సంగతి. మనలో ఎవరం బండి కొని కాపురం పెట్టబోవడం లేదు. కాని పిల్లల దగ్గరికి వెళతాం, యాత్రలకు వెళతాం. నాకు తోచినవి నాలుగు మాటలు. ఒకటి, ప్రయాణంలో రెండు మూడు రోజులు ఖాళీగా ఉంచుకోండి. మనకిప్పుడు సెలవు మంజూరు చేయవలసిన ఆఫీసరు లేడు. రెండు, మందుల చీటీ ఒకటి జేబులో, ఒకటి ఇంట్లో తలుపుకు ఉంచండి. విదేశాలకు వెళితే ఇన్సూరెన్సు లేకుండా వెళ్లవద్దు. పాత జబ్బులకు అది వర్తిస్తుందో లేదో చదివి చూడండి. మూడు, భార్యాభర్తల్లో ఒకరికే తెలిసిన పని ఏదీ ఉండకూడదు. బ్యాంకు, పింఛను, లైఫ్ సర్టిఫికెట్టు, అన్నీ ఇద్దరికీ తెలియాలి. నాలుగు, ఆ మూడో పేజీ. అది ప్రతి ఇంట్లో, చేయి ఆడుతుండగానే రాసుకోవలసినది.

సంఘానికి ఒక విన్నపం. మన సభ్యుల్లో ఒంటరిగా ఉంటున్నవారు కొందరున్నారు. వాళ్ల జాబితా ఒకటి తయారుచేసి, అవసరమైనప్పుడు ఆసుపత్రికి తోడు వెళ్లడానికి వంతులు వేసుకుందాం. ఆ చార్టు నేను వేస్తాను. ఆ పని నాకు బాగా వచ్చు. ఈసారి పెన్సిలుతో వేస్తాను.

పోయిన ఫిబ్రవరిలో మా ఆవిడను కాశీ తీసుకెళ్లాను. తిరుగు టిక్కెట్టు తీసుకోకుండా వెళ్లాం. పదకొండు రోజులున్నాం. మామగారి పేర గంగలో తర్పణం వదిలాను.