పడిపోయిన చేతికి ముందు చొక్కా

 

పెద్దవాళ్లను చూసుకునే పని నేర్చుకుని ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీతో ద్రాక్షారామంలో మాట్లాడుతూ భీమేశ్వరుణ్ణి తలవకపోతే బాగోదు. ఇక్కడ స్వామిది రెండంతస్తుల గర్భాలయం. రేపు మీరు చూసుకునే మామ్మగారు ‘పైకెక్కి స్వామిని చూస్తానే అమ్మాయ్’ అంటారు. పక్షవాతం వచ్చి తగ్గిన మనిషి, ఒక కాలు ఇంకా ఈడుస్తున్నారు. ‘వద్దులెండి, కిందనుంచే దణ్ణం పెట్టుకోండి’ అనెయ్యడం తేలిక. నలుగుర్ని పిలిచి కుర్చీలో మోయించడమూ తేలికే. మీకు నేర్పింది ఈ రెండూ కాదు. డాక్టరుగారు మెట్లు ఎక్కొచ్చన్నారంటే, ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బాగోలేని కాలు ముందు. ఎక్కేటప్పుడు మీరు ఒక మెట్టు కింద, వెనకాల. దిగేటప్పుడు ఒక మెట్టు కింద, ఎదురుగా. తూలితే పట్టుకోవడానికి మీరున్నారు, ఎక్కేది మాత్రం ఆవిడే.

చొక్కా తొడగడమూ అంతే. పడిపోయిన చేతికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు బాగున్న చేతినుంచి మొదలుపెట్టాలి. గుండీలు తాతగారినే పెట్టుకోనివ్వండి. పది నిమిషాలు పడుతుంది, మీ చేతులు ఊరుకోవు. ఊరుకోబెట్టండి. మీరు గబగబా పెట్టేస్తే నెల తిరిగేసరికి ఆ వేళ్లు గుండీని మరిచిపోతాయి. ప్రేమ ఎక్కువైన కోడళ్ల దగ్గర కూడా ఇదే జరుగుతుంటుంది, పాపం వాళ్లకెవరూ చెప్పలేదు.

హైదరాబాదు, బెంగళూరు, కోయంబత్తూరుల్లో ‘అసిస్టెడ్ లివింగ్’ పేరుతో కట్టిన చోట్లకీ వృద్ధాశ్రమానికీ తేడా ఇక్కడే ఉంది. పెద్దవాళ్లు తమ గదిలో తమ ఇష్టప్రకారం ఉంటారు, చేతకాని పనికే మనిషి వస్తాడు. మన కోనసీమలో అంతంత భవనాలు అక్కర్లేదు. పిల్లలు డాలస్‌లోనో కువైట్‌లోనో ఉంటారు, పెంకుటింట్లో ముసలివాళ్లిద్దరే మిగులుతారు, వాళ్ల దగ్గరికి మీరే వెళ్తారు. 2011 లెక్కల్లోనే దేశంలో అరవై దాటినవాళ్లు పదికోట్ల పైచిలుకు. కన్నవాళ్లను పోషించమని పిల్లల్ని అడగడానికి 2007లో చట్టమొచ్చింది, ట్రిబ్యునల్ నెలకి పదివేలదాకా ఇప్పించగలదు. రాత్రి రెండింటికి పక్క తిప్పే మనిషిని ఏ ట్రిబ్యునలూ ఇప్పించలేదు.

మీ గీత ఎక్కడుందో కూడా గుర్తుంచుకోండి. జనరల్ డ్యూటీ అసిస్టెంటైనా, హోమ్ హెల్త్ ఎయిడైనా మీరు నర్సు కాదు. బీపీ ఎక్కువుందని మాత్ర ఇంకోటి వెయ్యకూడదు, ఇన్సులిన్ డోసు మార్చకూడదు. చూసింది చూసినట్టు పుస్తకంలో రాయాలి: ఏ టైముకి, ఎంత తిన్నారు, నడుం కింద ఎరుపు కనిపించిందా. పడుకోబెట్టి గంజి పట్టొద్దు, లేపి కూర్చోబెట్టి గడ్డం కాస్త వంచమనండి. నోరు వంకరపోయినా, మాట తడబడినా పక్కింటివాళ్లని సలహా అడక్కుండా 108కి ఫోన్ చెయ్యండి. పెద్దవాళ్లని ఎవరైనా హింసిస్తున్నారనిపిస్తే పెద్దల హెల్ప్‌లైన్ 14567 ఉంది.

ఈ పట్టాతో విదేశం వెళ్దామనుకునేవాళ్లూ ఉన్నారు, తప్పేంలేదు. గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఎప్పట్నుంచో గల్ఫ్ ఇళ్లలో పనిచేస్తున్నారు. ముసలివాళ్లను చూసుకోవడానికి జపాన్ 2019 నుంచి ప్రత్యేక వీసా ఇస్తోంది, 2021లో మన దేశంతో ఒప్పందం చేసుకుంది. ఆ వీసాకి సంరక్షణ పనిలో ఒక పరీక్ష, ఆ పనికి కావలసిన జపనీస్‌లో ఒకటి, మామూలు జపనీస్‌లో ఇంకొకటి. ఏజెంటు పేరు ప్రభుత్వ ఇ-మైగ్రేట్ పోర్టల్లో ఉందో లేదో చూసుకోకుండా పాస్‌పోర్టు ఎవరి చేతిలోనూ పెట్టకండి.

ఇంటి దగ్గర చేరేవాళ్లకీ కాగితం కావాలి. డ్యూటీ ఎన్ని గంటలు, వారానికి సెలవెప్పుడు, జీతం ఏ తారీఖున, ఇవన్నీ చేరకముందే రాయించుకోండి. ‘ఇంట్లో పిల్లలాంటిదానివే కదమ్మా’ అంటారు. అనిపించుకోండి, సంతోషమే. ఆ మాట వెనకాలే అంట్లూ, బట్టలూ, మనవడి ట్యూషనూ వస్తాయి. అవి మీ కాగితంలో లేవని మెత్తగా చెప్పడం కూడా నేర్చుకోవలసిన పనే, దానికి ఇక్కడ క్లాసు పెట్టలేదు గనక నేను చెబుతున్నాను.